గేటు దాటని జపమాల

లిపోవెట్స్,
28 ఏప్రిల్ 2019

ప్రియమైన చిన్నమ్మమ్మకు,

బడిలో పదేళ్లు మిమ్మల్ని సిస్టర్ అని పిలిచాను, ఇంట్లో చిన్నమ్మమ్మ అన్నాను. ఏది రాయాలో ఇప్పటికీ తేలదు. అందుకే కవరు మీద సిస్టర్ బొహుమిలా అని రాసి, లోపల చిన్నమ్మమ్మ అంటున్నాను.

అణు విద్యుత్ కేంద్రంలో నువ్వేం చేస్తావని అడిగారు. పొద్దున కెమిస్ట్రీ గదిలో ఉంటాను. రియాక్టరులో తిరిగే నీళ్లలో బోరిక్ ఆమ్లం ఎంత ఉందో చూడాలి. ఆ ఆమ్లం మరీ మెత్తనిది, ఊరికే అడిగితే చెప్పదు. ఒక రకం చక్కెర కలిపితేగానీ నోరు విప్పదు. దాన్ని చూస్తే నాకు మన చుట్టాలు గుర్తొస్తారు.

మధ్యాహ్నం రక్షణ విభాగం. లోపలి జోన్‌లో పని ముగించుకుని మగవాళ్లు వరసగా వస్తారు. నేను వాళ్ల అరచేతులూ పాదాలూ చూసి పంపుతాను. జోన్‌లో ఎవరిదైనా పని తప్పుగా ఉంటే ఆపే అధికారం కూడా నాకుంది. ఆపడానికి గొంతు మాత్రం లేదు. మా పెద్ద హ్రుబెష్ గారు నిన్న అడిగారు: "ఏమ్మా, నీ గొంతు కొలవాలంటే ఏ మీటరు తేవాలి?"

ఒంటరిగా జోన్‌లో తిరగనివ్వాలంటే ఇంకా ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్ష కోసం మీరిచ్చిన ఆకుపచ్చ గాజుపూసల జపమాల నా దిండు కింద భద్రంగా ఉంది. సెప్టెంబరు ఎనిమిదిన మీ స్వర్ణోత్సవం నాటికి మీ చేతిలో ఉంటుంది. సన్యాసిని వస్త్రధారణ నాడు పట్టుకున్న జపమాలతోనే యాభై ఏళ్ల తర్వాతా పీఠం ముందు నిలబడాలని ఉందన్నారు కదా. మరిచిపోను.

మీ
అపొలేనా


హోర్కా కాన్వెంట్,
6 మే

అపొలేనా తల్లికి యేసు శాంతి.

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివి వినిపించాను. వెండెలీనాకు చెవుడు కదా, రెండుసార్లు చదివాను. అందరం కళ్లు తుడుచుకున్నాం. మా బిషప్పు పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది పాదాలు కడుగుతాడు. అదీ ఏడాదికోసారి, ఇంట్లో ముందే సబ్బుపెట్టి రుద్దుకొచ్చిన పాదాలు. నువ్వు రోజూ, వేడిలో పనిచేసి వచ్చిన వాళ్ల పాదాల దగ్గర కూర్చుంటున్నావు. పైగా వాళ్లకు చక్కెర కలిపి పుల్లనీళ్లు ఇస్తున్నావు. అది ఇంత పుణ్యమైన చోటని మాకు ఎవరూ చెప్పలేదు. చలికాలంలో నీళ్లు గోరువెచ్చగా పెట్టు.

గొంతు సంగతి. బడిలో నేను "మెల్లగా మాట్లాడు, మెల్లగా" అని రోజూ అన్నమాట నిజం. అన్నది నిన్ను కాదే పిచ్చిదానా, నీ పక్కన కూర్చున్న డోరాని. అది వినలేదు, నువ్వు విన్నావు.

గసగసాల కొలాచె రొట్టెలు పంపుతున్నాను. ఆ హ్రుబెష్‌కు ఒకటి ఇవ్వు, రెండోది అడిగితే ఇవ్వకు.

నీ చిన్నమ్మమ్మ
సిస్టర్ బొహుమిలా


లిపోవెట్స్,
2 జూన్

చిన్నమ్మమ్మా,

నేను ఎవరి పాదాలూ కడగడం లేదు. మీటరు పెట్టి చూస్తాను, అంతే. కంటికి కనిపించని ధూళి ఏమైనా అంటుకుందేమోనని. నీళ్లు కూడా ఎవరూ తాగరు. ఈ ముక్క భోజనాల గదిలో చదవండి, రెండుసార్లు.

మీకు నచ్చేది ఒకటుంది. జోన్ గడపలో పొడవాటి బల్ల ఉంటుంది. ఇటు కూర్చుని బయటి జోళ్లు విప్పి, కాళ్లు అటు తిప్పి, లోపలి జోళ్లు వేసుకోవాలి. బయటి జోడు అటు పెట్టకూడదు, లోపలి జోడు ఇటు తేకూడదు. విదేశాల నుంచి వచ్చే నిపుణులకు ఇది నేర్పేసరికి మాకు తాతలు దిగివస్తారు. మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ అత్త గుమ్మంలోనైనా చేసేదేగా.

మొన్న మొదటిసారి ఒకరిని ఆపాను. మ్రాజ్ అని వెల్డరు, తలుపంత మనిషి. జేబులో చెక్కతో చేసిన మడత కొలబద్ద ఉంది. బయటికి వచ్చేముందు చిన్న వస్తువులన్నీ ఒక పెట్టెలో పెట్టాలి. వాటికేమైనా అంటితే పెట్టె మోగుతుంది. మోగింది. చెక్క కదా, ధూళి లోపలికి ఇంకుతుంది, తుడిచినా పోదు.

"పాపా, ఇది మా నాన్నది," అన్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచీ ఈ జేబులోనే ఉంది."

"లేదు," అన్నాను.

"ఏంటీ?"

"లేదు."

"వినపడలా."

వెనక నుంచి హ్రుబెష్ గారు: "లేదు అంది. నాకు ఇక్కడిదాకా వినపడింది. నీ చెవికే మీటరు పెట్టాలేమో."

కొలబద్ద వ్యర్థాల డ్రమ్ములోకి పోయింది. మోగిన వస్తువు గేటు దాటదు, అది ఎవరిదైనా. అతను నావైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. అయినా చేసింది సరైన పనే.

పరీక్ష పంతొమ్మిదిన.

మీ
అపొలేనా


లిపోవెట్స్,
20 జూన్

చిన్నమ్మమ్మా,

పరీక్ష పాసయ్యాను. ఆ తర్వాత జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

ధైర్యం కోసం జపమాలను జోన్‌లో వేసుకునే తెల్ల దుస్తుల జేబులో వేసుకుని వెళ్లాను. బయటికి వస్తూ పెట్టెలో పెట్టాను. పెట్టె మోగింది.

నా వెనక వరసలో మ్రాజ్ నిలబడి ఉన్నాడు. "ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు.

"లేదు," అన్నాను. నాకే చెప్పుకున్నాను. ఈసారి అందరికీ వినపడింది. మ్రాజ్ నా కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

హ్రుబెష్ గారు దూదితో ప్రతి పూసా తుడిచారు. దూది మోగలేదు, పూసలు మోగుతున్నాయి. "తుడిస్తే పోయే రకం కాదిది," అన్నారు. "పెద్ద యంత్రంలో పెట్టి చూడాలంటే కారణం రాసివ్వాలి. మా చిన్నమ్మమ్మది అన్నది కారణం కాదు. ఇది ఎక్కడిదో, ఏ గాజో తెలుసుకో. అప్పుడొక దారి ఉండొచ్చు. లేకపోతే ఆగస్టు చివర డ్రమ్ములు మూసేస్తాం, ఇదీ వాటితోనే పోతుంది."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

అందుకే అడుగుతున్నాను, దయచేసి వెంటనే జవాబివ్వండి. ఈ జపమాల మీకు ఎవరిచ్చారు? ఎవరు చేశారు? పూసలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీ
అపొలేనా


హోర్కా,
25 జూన్

అపొలేనాకు,

జపమాల రోడ్డు మీద దొరికింది. ఏ రోడ్డో గుర్తులేదు. ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు వాన పడుతోంది, ఎవరి ముఖమూ కనిపించలేదు.

నీ ముందు కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే చెయ్యకు. కుర్చీ తలుపు దగ్గర వేసుకో. సిగరెట్ ఇస్తే వద్దను. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే ఇంకా జాగ్రత్త.

ఈ ఉత్తరం దారిలో విప్పి చదువుతున్నట్టయితే హ్రుబెష్‌కు నా నమస్కారాలు. ఇలాంటి కొడుకును కన్నందుకు ఆయన తల్లికి కూడా.

సి. బొహుమిలా


లిపోవెట్స్,
3 జూలై

చిన్నమ్మమ్మా,

ఇక్కడ నన్నెవరూ విచారించడం లేదు. ఇవి ఆ రహస్య పోలీసుల రోజులు కావు. ఉత్తరాలు ఎవరూ విప్పరు. మీ ఉత్తరం నేనే హ్రుబెష్ గారికి చూపించాను. "రోడ్డు మీద దొరికింది" అన్నది అధికారులకు సరిపోతుందేమో అడుగుదామని. సరిపోదట. వాళ్లమ్మగారు పోయి ఆరేళ్లయిందట, అయినా ఆమెకు ఇలాంటి ఉత్తరాలంటే ఇష్టమన్నారు. మొత్తం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకోబోతే తిరిగి తీసుకున్నాను.

అడిగేది దేవుడి గురించి కాదు, గాజు గురించి. మీరు ఒక్క పేరు రాస్తే చాలు. రాయకపోతే స్వర్ణోత్సవం నాడు మీరు వట్టి చేతులతో నిలబడాలి. అది నా వల్ల జరుగుతుంది. అది తలచుకుంటే నాకు పుస్తకం కూడా తెరవబుద్ధి కావడం లేదు.

మీ
అపొలేనా


హోర్కా,
5 ఆగస్టు

తల్లీ,

నెల రోజులు ఆలోచించాను. నీకు కోపం వచ్చినా సరే, చెప్పను.

డెబ్బైల్లో మేం కొండల్లో వికలాంగుల ఆశ్రమంలో పిల్లలకు స్నానాలు చేయించేవాళ్లం. ఇద్దరు మనుషులు వచ్చేవాళ్లు, చక్కగా ఇస్త్రీ చొక్కాలు. ఎవరిచ్చారు, ఎవరు చేశారు, ఎక్కడిది. సరిగ్గా నువ్వు అడిగిన మూడు ప్రశ్నలే, అదే వరసలో. మాలో ఒకామె ఒక పుస్తకం గురించి నిజం చెప్పింది. వారం తిరక్కుండా మా పోస్టుమాస్టరు బొగ్గు మోస్తున్నాడు. అప్పటినుంచి మాకు అన్నీ రోడ్డు మీదే దొరికాయి. పాలగిన్నెలు కూడా.

జపమాల ఇచ్చిన మనిషికి మాటిచ్చాను. మనిషి పోతే మాట పోతుందా?

అలాగని ఊరుకోను. పదహారో తారీకున యాత్ర బస్సు మీ ఊరి మీదుగా పోతుంది. నా మోకాలు బస్సెక్కనివ్వడం లేదు. వెండెలీనా వస్తోంది, ఇంకా ఆరుగురు. మేమందరం ఒకే నాడు వస్త్రధారణ చేసినవాళ్లం. మీ గేటు ముందు నిలబడి జపం చేస్తారు, నా జపమాల ఇచ్చేదాకా కదలరు. టిఫిన్లు కట్టుకున్నారు.

నీ చిన్నమ్మమ్మ


లిపోవెట్స్,
17 ఆగస్టు

చిన్నమ్మమ్మా,

వాళ్లను పంపవద్దని నేను రాసిన ఉత్తరం ఈపాటికి మీకు అంది ఉంటుంది. అందినా ఏం లాభం, వాళ్లు వచ్చేశారు.

నిన్న పదింటికి గేటు కాపలా అతను ఫోను చేశాడు. "ఇక్కడ ఎనిమిది మంది సన్యాసినులు వచ్చారు, లెక్కపెడితే ఏడుగురు, ఒకావిడ రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. పాడుతున్నారు. ఏ బటను నొక్కాలో మా పుస్తకంలో లేదు."

నేనూ హ్రుబెష్ గారూ వెళ్లేసరికి వాళ్లను సందర్శకుల హాల్లో కూర్చోబెట్టారు. ఏడుగురూ గుమ్మంలో బూట్లు విప్పి, గోడవారగా వరసగా పెట్టి, నల్ల మేజోళ్లతో కూర్చున్నారు. రియాక్టరు నమూనా ముందు జపం మొదలైంది. డైరెక్టరు గారు కూడా తలుపు దాకా వచ్చి, బూట్ల వరస చూసి, తన బూట్లు విప్పి లోపలికొచ్చారు. ఆయన మేజోడుకు చిల్లు ఉంది. సిస్టర్ వెండెలీనా జపం ఆపకుండానే దాన్ని వేలితో చూపించింది.

హ్రుబెష్ గారు మాట్లాడబోయారు. వినపడలేదు. మళ్లీ మాట్లాడారు. సిస్టర్ వెండెలీనా స్వరం పెంచింది. అప్పుడు నేను కుర్చీ ఎక్కాను. ఎలా ఎక్కానో నాకు తెలియదు.

"నిశ్శబ్దం," అన్నాను. మీరు అనేవారే, మూడో తరగతి తలుపు దగ్గర నిలబడి. అచ్చం అలా వచ్చింది. ఏడుగురూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కిటికీ బయట పనివాళ్లు కూడా ఆగిపోయారు.

"అమ్మాయ్," అన్నారు హ్రుబెష్ గారు, "ఇన్నాళ్లూ దీన్ని ఏ డ్రమ్ములో దాచావు?"

ఆ నిశ్శబ్దంలోనే నేను చూశాను. అందరి చేతుల్లోనూ ఆకుపచ్చ పూసలే. మీ జపమాలకు తోబుట్టువుల్లా ఉన్నాయి. హ్రుబెష్ గారి చేతి మీటరు తీసుకుని సిస్టర్ వెండెలీనా జపమాల దగ్గర పెట్టాను. టిక్కుటిక్కుమంది. పక్కావిడది. అదీ. ఏడింటికి ఏడూ. ఈ జపమాలలు జోన్ గడప కాదు కదా, మా ఊరి పొలిమేర కూడా నిన్నటిదాకా దాటలేదు. అంటే మోత మా దగ్గర అంటుకున్నది కాదు, పుట్టుకతోనే పూసల్లో ఉంది.

హ్రుబెష్ గారు ఒక పూసను కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. "యాబ్లొనెట్స్ ఊరి గాజు," అన్నారు. "పాతకాలంలో ఈ రంగు రావడానికి గాజులో చిటికెడు యురేనియం వేసేవాళ్లు. మా నాయనమ్మ ఉప్పుగిన్నె ఇలాగే ఉండేది. నేను ఎప్పుడో కనిపెట్టాల్సింది. తెల్లబట్టల్లో ఉన్న పిల్ల చేతిలో చూసి మోత జోన్‌లో అంటిందే అనుకున్నాను." పెద్ద యంత్రానికి ఇప్పుడు కారణం దొరికింది. మధ్యాహ్నానికి ఫలితం కూడా: గాజులో యురేనియం తప్ప మా కేంద్రానిది ఒక్క రేణువు లేదు. చేతిలో పట్టుకుంటే ఏ ప్రమాదమూ లేదు.

జపమాలను గేటు బయటికి నేనే తీసుకెళ్లి సిస్టర్ వెండెలీనా చేతిలో పెట్టాను. మ్రాజ్ సిగరెట్ కాలుస్తూ చూస్తున్నాడు. "మా నాన్న కొలబద్ద కూడా యాబ్లొనెట్స్‌దేనేమో, ఒకసారి అడక్కపోయావా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

సిస్టర్ వెండెలీనా ఒకటే అడుగుతోంది: మోగే జపమాలతో చేసిన ప్రార్థనకు లెక్క రెట్టింపా? హ్రుబెష్ గారు అది తన విభాగం కిందికి రాదన్నారు.

మీ
అపొలేనా


హోర్కా,
10 సెప్టెంబరు

అపొలేనా తల్లికి,

స్వర్ణోత్సవం నాడు నువ్వు రెండో వరసలో నిలబడి పాడావు, నీ గొంతు నాకు పీఠం దాకా వినపడింది. అక్కడ మాట్లాడటానికి వీలు చిక్కలేదు, మీ అమ్మమ్మ పక్కనే ఉంది. అందుకే రాస్తున్నాను. పూసలు వాటంతటవే నోరు విప్పాక నేనెందుకు మూసుకోవాలి?

ఆ జపమాలలు చేసింది మీ తాతయ్య అలోయిస్.

అవునే, ఆయనే. చర్చి గంట మోగితే కిటికీ వేసేసేవాడని, కమ్యూనిస్టు పార్టీ కార్డు జేబులో పెట్టుకునే నిద్రపోయేవాడని మీ అమ్మమ్మ చెప్పే ఆ మనిషే. గాజు ఫ్యాక్టరీ సరుకు లారీ నడిపేవాడు కదా. అరవైతొమ్మిదిలో మేం పన్నెండు మంది ఆడపిల్లలం వస్త్రధారణకు సిద్ధమయ్యాం. జపమాలలు ఎక్కడా దొరకవు. గోదాములో ఒక మూల ఎవరికీ అక్కర్లేని పాత పూసల బస్తా పడి ఉందట, టిఫిన్ డబ్బాలో రోజుకు కొన్ని తెచ్చాడు. ఆ మోటు వేళ్లతో, సన్నటి తీగతో పన్నెండు అల్లాడు. బంగాళాదుంపల సంచిలో వేసి తెచ్చి, వంటింటి గుమ్మంలో పెట్టి, "రోడ్డు మీద దొరికాయి" అన్నాడు. ఆ మాట మొదట అన్నది ఆయనే.

ఎవరికీ చెప్పొద్దన్నాడు, మీ అమ్మమ్మ లిబుషెకైతే అసలే వద్దన్నాడు. నా అక్క నోట్లో నువ్వుగింజ నానదని నీకూ తెలుసు. ఆ రోజుల్లో ఆ మాట బయటపడితే లారీ పోయేది, ఇల్లు పోయేది. ఆ తర్వాత ఆ రోజులు పోయాయి గానీ ఆయనకు చెప్పడం చేతకాలేదు. పదేళ్ల కింద ఆసుపత్రిలో కూడా, "బొహుమిలా, నోరు జాగ్రత్త," అని కన్ను కొట్టాడు.

అమ్మమ్మకు చెప్పే పని నీది. నీకిప్పుడు గొంతు ఉంది కదా.

నీ చిన్నమ్మమ్మ


అమ్మమ్మ ఇల్లు,
26 డిసెంబరు

చిన్నమ్మమ్మా,

చెప్పాను. మూడు నెలలు వాయిదా వేసి, మొన్న క్రిస్మస్ ముందురోజు విందుకు చేప వేగుతుండగా చెప్పాను. అమ్మమ్మ గరిటె కింద పెట్టలేదు. "మీ తాతయ్యా? చర్చికి రమ్మంటే టైరు పంక్చరయిందనేవాడు. లారీ వాకిట్లో నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండేది," అంది. అస్సలు నమ్మలేదు.

హ్రుబెష్ గారు తన సొంత మీటరు ఒకటి ఇచ్చి పంపారు. అడవి పుట్టగొడుగులు చూసుకోవడానికి ఉంచుకున్నదట. మిగిలిపోయిన పూసలు షెడ్డులో ఎక్కడైనా ఉంటాయేమోనని దాంతో వెతికాను. మేకుల డబ్బాలు, పాత టైర్లు, ఆయన కోటు. ఎక్కడా మోగలేదు. "చూశావా," అంది అమ్మమ్మ. ఆమెకు నిరాశగా ఉందని మాత్రం తెలిసింది.

ముందుగదిలోకి వచ్చి మీటరు ఆపడం మరిచిపోయి క్రిస్మస్ చెట్టు పక్కన కూర్చున్నాను. టిక్కుటిక్కుమంది.

చెట్టుకు చుట్టిన ఆకుపచ్చ పూసల దండ మీకు గుర్తుందా? నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. తాతయ్య అరవైతొమ్మిది క్రిస్మస్‌కు అమ్మమ్మకు ఇచ్చిందట, "ఎగుమతి సరుకు" అని. శిలువ లేదు, చివర్లు కలపలేదు. కానీ నేను కొమ్మ వెంట వేలు పెట్టి చూశాను. పది పూసలు, కాస్త ఎడం, ఒక పెద్ద పూస, మళ్లీ ఎడం, మళ్లీ పది. మీ జపమాల వరసే.

అమ్మమ్మ గరిటె కింద పెట్టేసింది. చేప సంగతి మరిచి చెట్టు దగ్గరికి వచ్చింది.

తర్వాత అంది: "చెట్టంతా పిల్లలు వచ్చి అలంకరించినా ఆ దండ మాత్రం ఆయనే కట్టేవాడే. గది తలుపు వేసుకునేవాడు. జనవరిలో ముగ్గురు రాజుల పండుగకు తీసేదీ ఆయనే, మళ్లీ తలుపు వేసుకుని. గంటపైన పట్టేది. ఇంత మొద్దు చేతులేమిటయ్యా అని తలుపు బయట నిలబడి నవ్వేదాన్ని. ఆయన పోయాక నేను ఐదు నిమిషాల్లో చుట్టేస్తున్నాను, చూడు, నేనెంత చురుకో అనుకుంటూ."

దండను సర్దబోతే నా చేయి పట్టుకుంది.

"ఉండనీ. ఈసారి తీసేది నేను," అంది. "తలుపు వేసుకుంటాను. చేప మాడినా సరే, ఎవరూ పిలవకండి."

మీ
అపొలేనా